అల్పాహార సభలో పారిశ్రామికవేత్తలను, దాతలను ఒకే వేదిక మీద సత్కరించడం గురించి

తొలిజాము:
సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక విశ్వవిద్యాలయ బిజినెస్ స్కూలులో పూర్వ విద్యార్థుల విభాగంలో పనిచేస్తున్నాను. ఏటా ఒక రోజు ఉదయం అల్పాహార సభ ఏర్పాటు చేసి, ఆ సంవత్సరం ఎంపికైన పారిశ్రామికవేత్తలతో పాటు స్కూలుకు అండగా నిలిచిన దాతలను, సలహాదారులను సత్కరించడం మా దగ్గర ఆనవాయితీగా వస్తోంది. ఈసారి ఆ బాధ్యత నాకు అప్పగించారు. పని మొదలుపెట్టే ముందు పోయిన ఏడాది సభ వీడియోను గడియారం దగ్గర పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చూశాను. 90 నిమిషాల కార్యక్రమంలో స్వాగత వచనాలకు, పదవులు చదవడానికి, దాతల పేర్లు వరుసగా చెప్పడానికి 40 నిమిషాలు పట్టింది. జ్ఞాపికలకు, ఫొటోలకు మరో 20 నిమిషాలు పోయాయి. సత్కారం అందుకున్న ఏడుగురూ కలిసి మాట్లాడింది 11 నిమిషాలే. వారిలో ఒకావిడ తన మొదటి యంత్రాన్ని చేతిలో డబ్బు లేకుండా ఎలా తెచ్చుకున్నారో చెప్పడం మొదలుపెట్టగానే, సమయం మించిపోతోందని రాసిన చీటీ ఆవిడ ముందుకు వచ్చింది. వీడియోలో ఆ చీటీ పెట్టిన చెయ్యి నాదే. ఆవిడ దాన్ని చూసి, చెబుతున్న వాక్యాన్ని సగంలో ఆపి, అందరికీ కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నారు.

అది చూసిన దగ్గరి నుంచి నాకు మనసు మనసులో లేదు. పారిశ్రామికవేత్తలను, దాతలను ఒకే వేదిక మీద, ఒకే వరుసలో గౌరవించడం సబబేనా? సబబే అయితే, ఎవరి గౌరవమూ తగ్గకుండా ఆ సభను ఎలా నడపాలి? ఇలాంటి సభలు నిర్వహించినవారు, వాటిలో సత్కారం పొందినవారు, వెనక వరుసలో కూర్చుని చూసినవారు కూడా తమ అనుభవం చెప్పాలని కోరుతున్నాను.

పాతబెంచి:
నేను చదువుకున్న స్కూలు కొన్నేళ్ళ క్రితం నన్ను ఇలాగే ఉదయం సభకు పిలిచి సత్కరించింది. ముందుగా, సభను ఉదయం పెట్టుకోవడం మంచి నిర్ణయమని చెప్పాలి. సొంతంగా సంస్థ నడిపేవాడికి సాయంత్రం తన చేతిలో ఉండదు. మధ్యాహ్నం ఆగిపోయిన సరుకు, జీతాల రోజు, ఫోను ఎత్తని కొనుగోలుదారు, ఇవన్నీ సాయంత్రానికే మీద పడతాయి. ఉదయం ఏడున్నరకు మొదలై తొమ్మిదికల్లా ముగిసే సభకైతే మనిషి మనసు పెట్టి రాగలడు, వచ్చినవాడు గడియారం చూడకుండా కూర్చోగలడు.

అయితే ఇందులో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని నిర్వాహకులు సాధారణంగా గమనించరు. నాతో పాటు సంస్థను మొదలుపెట్టిన భాగస్వామికి అప్పుడు బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఆ గంటలోనే వాళ్ళను తయారుచేసి పంపాలి కాబట్టి ఆవిడ రాలేకపోయారు. సంస్థ పుట్టుకలో సగం ఆవిడది, జ్ఞాపిక మీద పేరు నాది ఒక్కడిదే. ఆహ్వానం పంపే ముందు, తేదీ ఖరారు చేసే ముందు, సత్కారం పొందేవారిని ఆ సమయం కుదురుతుందా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

చరిత్రపుటలు:
తొలిజాము గారి ప్రశ్నకు కొంచెం వెనక్కి వెళ్ళి సమాధానం చెబుతాను, ఎందుకంటే 40 నిమిషాలు దాతల పేర్లకు, 11 నిమిషాలు పారిశ్రామికవేత్తలకు దక్కడం వెనక ఒక చరిత్ర ఉందని నా అభిప్రాయం.

అమెరికాలో విశ్వవిద్యాలయ స్థాయి వ్యాపార విద్య దాతల చేతుల మీదుగానే పుట్టింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1881లో వార్టన్ స్కూలు ఏర్పడింది జోసెఫ్ వార్టన్ అనే పారిశ్రామికవేత్త ఇచ్చిన 1,00,000 డాలర్లతో. డార్ట్‌మత్ కాలేజీలో 1900లో టక్ స్కూలు ఏర్పడింది ఎడ్వర్డ్ టక్ తన తండ్రి ఏమస్ టక్ జ్ఞాపకార్థం ఇచ్చిన గ్రేట్ నార్తర్న్ రైల్వే షేర్లతో. హార్వర్డ్ బిజినెస్ స్కూలు 1908లో మొదలైనా, దానికంటూ ఒక ప్రాంగణం సమకూరడానికి 1924లో బ్యాంకరు జార్జ్ బేకర్ 50 లక్షల డాలర్లు ఇవ్వవలసి వచ్చింది. అంటే దాతకు కృతజ్ఞత చెప్పే సంప్రదాయం ఈ స్కూళ్ళకు పుట్టుకతోనే వచ్చింది.

కొత్త సంస్థను స్థాపించడమనే పనిని తరగతి గదిలోకి తీసుకురావడం మాత్రం చాలా ఆలస్యంగా జరిగింది. హార్వర్డ్‌లో మైల్స్ మేస్ ఆ విషయం మీద మొదటి కోర్సు చెప్పింది 1947లో. యుద్ధం ముగిసి సైన్యం నుంచి తిరిగి వచ్చినవారితో నిండిన ఆ తరగతిలో 188 మంది చేరారు. అప్పటిదాకా ఈ స్కూళ్ళు ప్రధానంగా తయారుచేసింది పెద్ద సంస్థలను నడిపే నిర్వాహకులనే. పారిశ్రామికవేత్తలను ఏటా ఎంపిక చేసి గౌరవించే అకాడమీని బాబ్సన్ కాలేజీ నెలకొల్పింది 1978లో. కాబట్టి మన సభల ఎముకల గూడు దాతల కోసం తయారైంది, పారిశ్రామికవేత్తలను తరువాత అందులోకి తెచ్చి కూర్చోబెట్టాం. వాళ్ళకు అక్కడ చోటు ఇరుకుగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. పాత కార్యక్రమంలో నిమిషాలు అటూ ఇటూ సర్దితే ఇది బాగుపడదు, సభను మొదటి నుంచి కొత్తగా ఆలోచించాలి.

నిధిపేటిక:
నేను పాతికేళ్ళుగా విశ్వవిద్యాలయాలకు నిధులు సేకరించే పనిలో ఉన్నాను. చరిత్రపుటలు గారు చెప్పిన చరిత్రను కాదనను, కానీ దాతలను సభకు అడ్డం వచ్చినవారిగా చూడవద్దని మనవి. ఒక విద్యార్థి రెండేళ్ళ ఫీజు కట్టిన మనిషి ఆ విద్యార్థిని ఒక్కసారైనా కళ్ళారా చూసే అవకాశం ఈ సభే. అయితే నా అనుభవంలో చాలామంది దాతలు కోరుకునేది వేదిక మీద తమ పేరు వినడం కాదు. తాము ఇచ్చింది ఎవరికి చేరిందో, ఏం చేసిందో తెలుసుకోవాలని వాళ్ళ కోరిక. పేర్ల జాబితా చదివితే ఆ కోరిక తీరదు.

ఇందుకు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మ్యాడిసన్ ప్రాంగణంలో 2007లో జరిగినది చెప్పాలి. అక్కడి బిజినెస్ స్కూలుకు 13 మంది కలిసి 8.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. కనీసం 20 ఏళ్ళపాటు ఆ స్కూలుకు ఏ దాత పేరూ పెట్టకూడదన్నదే వాళ్ళ షరతు. పేరు కోసం ఇచ్చేవారు ఉన్నారు, నిజమే. పేరు వద్దని అంత మొత్తం ఇచ్చినవారు కూడా ఉన్నారని మన నిర్వాహకులు గుర్తుంచుకుంటే, దాతను గౌరవించే పద్ధతులు ఇంకా ఎన్నో కనిపిస్తాయి.

మీ రెండు సందేహాలలో మొదటిదానికి నా సమాధానం: ఒకే వేదిక ఉండవచ్చు, ఒకే ఎంపిక మాత్రం ఉండకూడదు. పారిశ్రామికవేత్తలను ఎంపిక చేసే సంఘంలో నిధుల సేకరణ విభాగంవారు ఒక్కరూ ఉండకూడదు, ఆ సంఘం ముందుకు విరాళాల వివరాలు రాకూడదు. నా విభాగం గురించి నేనే ఈ మాట అంటున్నాను. ఈ ఏడాది సత్కారం, వచ్చే ఏడాది విరాళం అన్న అనుమానం సభలో ఒక్కరికి కలిగినా, నిజంగా కష్టపడి పైకి వచ్చిన మిగతా ఆరుగురి గౌరవానికీ మచ్చ పడుతుంది. అలాగే సత్కార సభలో బల్లల మీద విరాళ పత్రాలు పెట్టకండి. అడగడానికి వేరే రోజు ఉంది.

లెక్కలపద్దు:
సభలో బల్లల దగ్గరి సీట్లను సంస్థలకు అమ్మి సభ ఖర్చు రాబట్టుకునే స్కూళ్ళకు ఒక చిన్న హెచ్చరిక. ప్రతి దేశంలో పన్ను నియమాలు వేరుగా ఉంటాయి. అమెరికాలోనైతే 75 డాలర్లకు మించిన చెల్లింపులో కొంత విరాళంగా, కొంత భోజనం వంటివాటికి ప్రతిఫలంగా ఉన్నప్పుడు, ఆ భోజనం విలువ ఎంతో స్వీకరించిన సంస్థ రాతపూర్వకంగా తెలియజేయాలి. పన్ను మినహాయింపు ఆ విలువ పోగా మిగిలిన మొత్తానికే వర్తిస్తుంది. రసీదు పంపేటప్పుడు మీ దగ్గర నియమం ఏమిటో ముందే చూసుకోండి.

రెండోప్రయత్నం:
ఇంతవరకూ అందరూ ఎంతసేపు, ఎలా గౌరవించాలన్న దాని మీదే మాట్లాడారు. ఎవరిని అన్నదాని మీద నాకు ఒక మాట ఉంది, అది నా సొంత అనుభవం.

నా మొదటి సంస్థ బాగా నడుస్తున్న రోజుల్లో ఒక బిజినెస్ స్కూలు నన్ను అల్పాహార సభకు పిలిచి, జ్ఞాపిక ఇచ్చి, ఆ ఏడాది సత్కారం పొందినవారందరితో పాటు నా ఫొటోను కూడా వాళ్ళ నడవాలో గోడకు పెట్టింది. మూడేళ్ళ తరువాత ఆ సంస్థను మూసివేయవలసి వచ్చింది. ఎవరినీ మోసం చేయలేదు. ఉద్యోగులకు చివరి నెల జీతంతో సహా ఇచ్చాను, సరుకు ఇచ్చినవారి బాకీలు తీర్చడానికి మరో పద్దెనిమిది నెలలు పట్టింది. ఆ తరువాత ఒకసారి వేరే పని మీద ఆ స్కూలుకు వెళ్ళినప్పుడు నడవాలో నా ఫొటో లేదు. దాని చోట గోడ రంగు కాస్త కొత్తగా, చతురస్రంగా కనిపిస్తోంది, పైన మేకు అలాగే ఉంది. నాకు ఎవరూ ఒక ఉత్తరం కూడా రాయలేదు. ఆ ఫొటో లేకపోయినా నాకు బతుకు గడుస్తుంది, కానీ ఆ నడవాలో రోజూ నడిచే విద్యార్థులు ఆ ఖాళీ చతురస్రం నుంచి ఏం నేర్చుకుంటారన్నది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం అక్కడ కొత్తగా మొదలయ్యే సంస్థల్లో సుమారు 20 శాతం మొదటి ఏడాదిలోనే, సుమారు సగం ఐదేళ్ళలోపే మూతపడుతున్నాయి. మీ సభలో కూర్చునే విద్యార్థుల్లో సంస్థ పెట్టబోయేవారికి కూడా ఇది వర్తిస్తుంది. అటువంటప్పుడు ఏడుగురిలో ఒక్కరినైనా, సంస్థను మర్యాదగా ముగించినవారిని, ఎందుకు పిలవకూడదు?

చరిత్రపుటలు:
రెండోప్రయత్నం గారూ, మీకు జరిగినది తప్పు. ఆ ఫొటో తీయడానికి ఏ కారణమూ లేదు, గోడ మీద ఉన్నది ఆ సంవత్సరపు గౌరవం, దానికి తరువాతి సంవత్సరాలతో పని లేదు. కానీ మీ సూచనతో నాకు పూర్తి అంగీకారం లేదు. అపజయాన్ని అపజయంగా వేదిక ఎక్కిస్తే, కొద్ది రోజులకే అది కూడా ఒక అలంకారంగా మారుతుంది. ఒకసారి ఓడిపోయి తరువాత గొప్పగా గెలిచినవారినే ఆ చోటుకు ఎంపిక చేయడం మొదలవుతుంది, అప్పుడు మళ్ళీ గెలిచినవారి సభే అవుతుంది.

రెండోప్రయత్నం:
నేను అపజయానికి సత్కారం అడగలేదు. బాకీలు తీర్చడం, ఉద్యోగులకు వేరే చోట పని చూపించడం, పెట్టుబడి పెట్టినవారికి నిజం ముందుగా చెప్పడం, ఇవి కూడా వ్యాపార దక్షతలో భాగాలే అంటున్నాను. వాటిని చేసినవారిని ఆ పనుల పేరు చెప్పి గౌరవించండి.

చరిత్రపుటలు:
ఆ పనుల పేరు చెప్పి అంటే నాకు అభ్యంతరం లేదు. మీరు చెప్పాక నా మాట సవరించుకుంటున్నాను.

పదోబల్ల:
నేను ప్రస్తుతం ఎంబీఏ రెండో సంవత్సరం విద్యార్థిని. పోయిన ఏడాది మా స్కూలు సభలో విద్యార్థులందరినీ తలుపు దగ్గరి పదో బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. అక్కడి నుంచి వేదిక మీద ఉన్నవారి ముఖాలు కనిపించవు, పక్కన ఉన్న తెర మీద చూడాలి. గంటన్నర పాటు మేము ఒకరితో ఒకరం మాట్లాడుకుని తరగతికి వెళ్ళిపోయాం. నా పక్కన కూర్చున్న అమ్మాయి చదువుకు ఫీజు కడుతున్న దాత రెండో బల్ల దగ్గర ఉన్నారని మాకు ఫొటోలు చూశాకే తెలిసింది. దయచేసి ప్రతి బల్ల దగ్గరా ఇద్దరు విద్యార్థులను కూర్చోబెట్టండి. ఒక్కరినే కూర్చోబెడితే భయంతో నోరు పెగలదు. ఆ బల్ల దగ్గర ఎవరు ఉంటారో, వాళ్ళు ఏ పని చేస్తారో రెండు రోజుల ముందు ఒక కాగితం మీద రాసి ఇస్తే మేము అడగవలసినవి ఆలోచించుకుని వస్తాం.

నిధిపేటిక:
పదోబల్ల గారు చెప్పినది నేను చదివిన సూచనల్లో అన్నింటికన్నా విలువైనది. స్టాన్‌ఫర్డ్‌లో ఫ్రాంక్ షాలెన్‌బర్గర్ గారి చిన్న వ్యాపారాల తరగతిలో జపాన్ పరుగు బూట్ల గురించి ఒక వ్యాసం రాసిన విద్యార్థి ఫిల్ నైట్, 1962లో ఎంబీఏ పూర్తిచేసి, ఆ ఆలోచననే వ్యాపారంగా మలచి నైకీ స్థాపకుల్లో ఒకరయ్యారు. అదే స్కూలుకు 2006లో 10.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. విద్యార్థి, పారిశ్రామికవేత్త, దాత, ముగ్గురూ ఒక్క మనిషే, మధ్యలో 44 ఏళ్ళు. తలుపు దగ్గర కూర్చోబెట్టిన వాళ్ళలో రేపటి వేదిక ఉందని నిర్వాహకులు మరచిపోతారు.

పాతబెంచి:
ఇంకొక సందేహం. మా దగ్గర సంస్థల్లో పెట్టుబడి పెట్టేవారిని కూడా మద్దతుదారుల వరుసలో నిలబెట్టి సత్కరిస్తున్నారు. వాళ్ళు వాటా తీసుకుంటారు, లాభం ఆశిస్తారు. వాళ్ళను దాతలతో కలపడం న్యాయమేనా?

చరిత్రపుటలు:
వేరు చేయాలి, కానీ తక్కువ చేయనక్కరలేదు. జార్జ్ డోరియో హార్వర్డ్‌లో పాఠాలు చెబుతూనే 1946లో అమెరికన్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ అనే పెట్టుబడి సంస్థను నెలకొల్పినవారిలో ఒకరయ్యారు. ఆ సంస్థ 1957లో కెన్ ఓల్సెన్, హార్లన్ ఆండర్సన్ మొదలుపెట్టిన డిజిటల్ ఎక్విప్‌మెంట్‌కు 70,000 డాలర్లు పెట్టి, సుమారు 70 శాతం వాటా తీసుకుంది. అది దానం కాదు, వ్యాపారమే. కానీ అప్పుడు కంప్యూటర్ల తయారీ మీద కొత్తవాళ్ళకు డబ్బు ఇవ్వడానికి ముందుకు వచ్చేవారు అరుదు. అదే 1957లో డోరియో ఫ్రాన్సులో ఇన్సియాడ్ అనే బిజినెస్ స్కూలు స్థాపనకు కూడా మూలపురుషుడయ్యారు. ఆయనను గురువు వరుసలో పెట్టాలా, పెట్టుబడిదారు వరుసలో పెట్టాలా? నా దృష్టిలో ప్రశంసాపత్రంలో ఉన్నదున్నట్టు రాస్తే చాలు: ఇచ్చినదాన్ని ఇచ్చారని, పెట్టుబడిగా పెట్టినదాన్ని పెట్టుబడి అని, సమయం వెచ్చిస్తే సమయం అని. మద్దతుదారు అనే ఒక్క మాట కింద అన్నీ కలిపేస్తే ఎవరు ఏం చేశారో ఎవరికీ తెలియదు.

వేదికవెనక:
సభల ఏర్పాట్లు చూసుకునే మనిషిగా మూడు మాటలు చెబుతాను. జ్ఞాపిక మీద పేరు చెక్కే ముందు ఆ మనిషికే రాసి పంపించి సరిచూడమని అడగండి, ఇంటిపేరులో ఒక అక్షరం తప్పిన జ్ఞాపికను నా చేతులతో అందించిన రోజు నేను మరచిపోలేదు. పేరు ఎలా పలకాలో చదివేవారితో ముందు రోజే రెండు సార్లు పలికించండి. చీటీలు పెట్టవద్దు. మాట్లాడేవారికి మూడు నిమిషాలని పది రోజుల ముందు చెబితే ప్రతివారూ మూడు నిమిషాలకే సిద్ధపడి వస్తారు. సమయం మించేది సాధారణంగా ఏమీ చెప్పకుండా పిలిచినవారి దగ్గర, ముందుగా అనుకోని స్వాగతోపన్యాసాల దగ్గర.

తొలిజాము:
అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ కాగితం మీద పెట్టి డీన్ గారి దగ్గరకు వెళ్ళాను. పదవుల ప్రస్తావన ముద్రించిన కార్యక్రమ పత్రంలోకి మారింది, ఎవరూ వేదిక మీద చదవరు. ఎంపిక సంఘం నుంచి నిధుల విభాగం తప్పుకుంది. ఈ ఒక్కదానికే రెండు సమావేశాలు పట్టాయి. ప్రతి దాత గురించి ఆ సహాయం అందుకున్నవారే రెండు నిమిషాలు మాట్లాడతారు. సంస్థను మర్యాదగా ముగించిన ఒకరిని పిలవడానికి ఒప్పుకున్నారు. సభకు ఇంకా మూడు వారాలు ఉంది.

పదోబల్ల:
విద్యార్థులు ఎక్కడ కూర్చుంటారు?

తొలిజాము:
ప్రతి బల్ల దగ్గరా ఇద్దరు. తలుపు దగ్గరి బల్లకు డీన్ గారు తనంతట తానే వెళ్తానన్నారు.

తొలిజాము:
సభ నిన్న ఉదయం జరిగింది. అన్నీ అనుకున్నట్టు జరగలేదు. ఒక దాత తన గురించి విద్యార్థి మాట్లాడడం ఇష్టం లేదని చివరి రోజు చెప్పారు, ఆయన కోరిక మన్నించి పత్రంలో ఒక వాక్యం మాత్రం వేశాం. మైకు రెండు సార్లు మొరాయించింది. సంస్థ ముగించిన పారిశ్రామికవేత్త బాకీల పట్టిక ఉన్న పాత నోటు పుస్తకాన్ని వెంట తెచ్చి, ఒక్కొక్క పేరూ కొట్టివేసిన పేజీలను చూపించారు. ఆయన చుట్టూ విద్యార్థులు సభ ముగిశాక కూడా చాలాసేపు నిలబడే ఉన్నారు. రెండోప్రయత్నం గారూ, ఆ సమయంలో మీరు గుర్తొచ్చారు.

పోయిన ఏడాది నేను చీటీ పెట్టిన ఆవిడను మళ్ళీ పిలిచాను. జ్ఞాపిక లేదు, మూడు నిమిషాలు మాత్రమే, అప్పుడు చెబుతూ ఆపినది పూర్తి చేయమని అడిగాను. ఆవిడ కాగితం లేకుండా మాట్లాడారు. మొదటి యంత్రాన్ని అమ్మేవారు వాయిదాల మీద ఇవ్వడానికి ఒప్పుకోలేదట. అప్పుడు మా విశ్వవిద్యాలయ వర్క్‌షాపులో పనిచేసే ఒక టెక్నీషియన్, ఆవిడ నమూనాలు తయారుచేస్తూ రాత్రి దాకా అక్కడే ఉండడం చూసినవాడు, తన జీతం కాగితాలు పట్టుకెళ్ళి హామీ సంతకం పెట్టాడట. ఆయన పదవీ విరమణ చేసి చాలా కాలమైంది. మా దాతల జాబితాలో గానీ, మద్దతుదారుల జాబితాలో గానీ ఆయన పేరు ఎప్పుడూ లేదు. ఈ ఉదయం సిబ్బంది విభాగానికి వెళ్ళి ఆయన చిరునామా కోసం దరఖాస్తు పెట్టి వచ్చాను.